పేర్లు రాసిపెట్టుకున్నది ఆడవాళ్లే: వాంకూవర్ హత్యల కేసులో న్యాయం ఎందుకంత ఆలస్యమైంది, ఎంతవరకు దక్కింది

క్లుప్తంగా: కెనడాలోని వాంకూవర్‌లో ఒక్క పేట నుంచే ఏళ్ల తరబడి ఆడవాళ్లు మాయమవుతూ వచ్చారు, 2002లో రాబర్ట్ పిక్టన్ అనే పందుల ఫామ్ యజమాని దొరికేదాకా పోలీసులు సీరియల్ కిల్లర్ ఉన్నాడని గట్టిగా నమ్మలేదు. అతని మీద 26 హత్య కేసులు పెడితే శిక్ష పడింది 6 కేసుల్లోనే. 2024లో అతను జైల్లో చనిపోయాడు. ఇంకా ఏం మిగిలిందని ఆ ఆడవాళ్ల అక్కచెల్లెళ్లు, కూతుళ్లు, కజిన్లు ఇప్పటికీ కొట్లాడుతున్నారో చాలామందికి అర్థం కాని విషయం, ఈ వ్యాసం దాని గురించే.

ఏ పేట, ఎవరా ఆడవాళ్లు

వాంకూవర్ అనగానే మనవాళ్లకి సముద్రం, కొండలు, చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన పిల్లలు గుర్తొస్తారు. ఆ ఊరి నడిబొడ్డునే డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అని ఒక పేట ఉంది, నాలుగు వీధులు, చవక లాడ్జి గదులు, డ్రగ్స్, రోడ్డు మీద నిలబడి బతుకు వెళ్లదీసే సెక్స్ వర్కర్లు. దేశంలోనే బాగా పేద పేటల్లో అదొకటి. 1980ల నుంచే అక్కడ ఆడవాళ్లు కనిపించకుండా పోవడం మొదలైంది, 1990ల రెండో సగంలో అది బాగా పెరిగింది, చివరికి పోలీసుల మిస్సింగ్ లిస్టులో 60కి పైగా పేర్లు చేరాయి.

వీళ్లలో ఆదివాసీ ఆడవాళ్లు చాలామంది. వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఆడవాళ్ల జనాభాలో వాళ్లు 3 శాతం దాకా ఉంటే, మాయమైనవాళ్లలో, హత్యకి గురైనవాళ్లలో 33 శాతం దాకా వాళ్లే అని తర్వాత వేసిన ప్రభుత్వ ఎంక్వైరీనే చెప్పింది. ఇది యాదృచ్ఛికం కాదు. తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కెళ్లి హాస్టల్ బళ్లలో పెట్టిన చరిత్ర ఆ దేశానికి ఉంది, ఆ బళ్లు పాడుచేసిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే ఆ లాడ్జి గదుల్లో ఎక్కువమంది ఉండేవాళ్లు.

కౌంటర్ దగ్గరే ఆగిపోయిన కేసు

ఈ కేసు గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆ ఫామ్ దగ్గర, అక్కడ దొరికిన ఘోరాల దగ్గర మొదలుపెడతారు. కానీ అసలు కేసు పాడైంది అక్కడ కాదు, కంప్లైంట్ రాసుకునే కౌంటర్ దగ్గర.

ఒక తల్లి 1996 చివర్లో వచ్చి నా కూతురు కనిపించట్లేదు, చంటిబిడ్డని వదిలి వెళ్లే పిల్ల కాదు అని కంప్లైంట్ ఇచ్చింది. ఎక్కడో సరదాగా తిరుగుతూ ఉంటుందిలే అన్నట్టు తీసుకుని కొద్ది నెలల్లోనే ఆ ఫైల్ మూసేశారు, తర్వాతెప్పుడో మళ్లీ తెరవాల్సి వచ్చింది. ఇలాంటివి ఒకటి కాదు. ఊరు మారిపోయి ఉంటుంది, డ్రగ్స్ మత్తులో పడి ఉంటుంది, ఈ రకం వాళ్లకి ఒక అడ్రస్ అంటూ ఉండదు కదా, ఇవీ కుటుంబాలకి దొరికిన జవాబులు.

ఇక్కడ పనిచేసిన లెక్క ఏంటంటే, శవం లేదు కాబట్టి హత్య లేదు, హత్య లేదు కాబట్టి హంతకుడు లేడు. మామూలుగా సీరియల్ హత్యలు బయటపడేది శవాలు ఒకే తీరులో దొరికినప్పుడు. ఈ కేసులో శవాలే దొరకలేదు, దొరికిందల్లా ఖాళీ. ఖాళీని చూడాలంటే అంతకుముందు అక్కడ ఎవరున్నారో తెలిసి ఉండాలి, ఆ పేటలో ఎవరుండేవాళ్లో పోలీసులకి పట్టింపు లేదు, ఆ ఆడవాళ్ల స్నేహితురాళ్లకీ అమ్మలకీ తెలుసు. రోజూ ఫోన్ చేసే మనిషి చెయ్యట్లేదు, నెలనెలా వచ్చే ప్రభుత్వ సాయం చెక్కు తీసుకోవడానికి రాలేదు, బిడ్డ పుట్టినరోజుకి రాలేదు, గదిలో బట్టలు అలాగే ఉన్నాయి. ఊరు మారేవాళ్లు చెక్కు వదిలేసి పోరు కదా. ఇంత చిన్న లాజిక్ పోలీసులకి తట్టలేదు అనడం కంటే వాళ్లు దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు అనడం కరెక్ట్.

వాంకూవర్ పోలీసుల్లోనే కిమ్ రాస్మో అనే ఆఫీసర్, నేరాల మ్యాపింగ్‌లో పేరున్న మనిషి, 1998లో ఇది సీరియల్ కిల్లర్ పని అయ్యుండొచ్చు, జనాన్ని హెచ్చరిద్దాం అన్నాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు.

దీనికి తోడు పరిధుల గొడవ. ఆడవాళ్లు మాయమైంది వాంకూవర్ సిటీ పోలీసుల పరిధిలో, పిక్టన్ ఫామ్ ఉన్నది దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో పోర్ట్ కొక్విట్లంలో, అక్కడ డ్యూటీ ఆర్‌సీఎంపీ అనే ఫెడరల్ పోలీసులది. వీళ్ల దగ్గర మాయమైనవాళ్ల లిస్టు ఉంది, వాళ్ల దగ్గర అనుమానితుడి పేరు ఉంది, రెండూ ఒక టేబుల్ మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. 2019లో దిశ ఘటన అప్పుడు శంషాబాద్ దగ్గర కుటుంబం ఎదుర్కొన్న "ఇది మా లిమిట్స్‌లోకి రాదు" అనే మాట గుర్తున్నవాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ ఆలస్యానికి అప్పట్లో ముగ్గురు పోలీసులు సస్పెండ్ కూడా అయ్యారు. మనదగ్గర జీరో ఎఫ్ఐఆర్ అనే ఏర్పాటు ఉన్నది ఇందుకే, ఏ స్టేషన్‌కి వెళ్లినా ముందు రాసుకోవాలి, పరిధి సంగతి తర్వాత. రూల్ ఉండటం వేరు, అర్ధరాత్రి కౌంటర్ దగ్గర దాన్ని పాటించడం వేరు.

1997 మార్చి, ఒక బేడీ తాళంచెవి

ఈ మొత్తం కేసులో మనసుని పట్టేసే ఘటన ఇది. 1997 మార్చిలో పిక్టన్ ఒక మహిళని ఆ ఫామ్‌కి తీసుకెళ్లాడు, చేతికి బేడీ వేశాడు, కత్తులతో పెనుగులాట జరిగింది, ఆవిడ వంటింటి కత్తి అందుకుని తిరగబడి, రక్తం కారుతుంటే రోడ్డు మీదికి పరిగెత్తింది. అటుగా కారులో వెళ్తున్న దంపతులు ఆపి ఎక్కించుకున్నారు కాబట్టి బతికింది. గాయపడిన పిక్టన్ కూడా అదే ఆస్పత్రికి చేరాడు. ఆవిడ చేతికి ఉన్న బేడీకి సరిపోయే తాళంచెవి అతని జేబులో దొరికింది.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఏ కేసులో అయినా ఎంత దొరుకుతుంది? హత్యాయత్నం కేసు పెట్టారు. కానీ 1998 జనవరిలో, ఆవిడ డ్రగ్స్ వాడే మనిషి, బోనులో నిలబడి చెప్పగలిగే స్థితిలో లేదు, చెప్పినా నమ్మరు అన్న ఆలోచనతో ప్రభుత్వ లాయర్లు కేసు ఆపేశారు. ఆ రాత్రి పిక్టన్ నుంచి తీసుకున్న బట్టలు, రబ్బరు బూట్లు పోలీసుల స్టోర్‌లోనే ఉండిపోయాయి. 2004లో, అంటే ఏడేళ్ల తర్వాత టెస్ట్ చేస్తే వాటి మీద మాయమైన ఆడవాళ్లలో ఇద్దరి డీఎన్ఏ బయటపడింది.

ఆ ఏడేళ్లలో మొదటి ఐదేళ్లు దాదాపుగా పిక్టన్ స్వేచ్ఛగా తిరిగాడు, ఆ పేట నుంచి ఆడవాళ్లు మాయమవుతూనే ఉన్నారు. చావు నుంచి తప్పించుకుని వచ్చి ఇతనే అని చెప్పిన ఆడమనిషి మాటకి విలువ ఇచ్చి ఉంటే వాళ్లలో కొందరైనా బతికి ఉండేవాళ్లు అనడం ఉద్వేగంతో చెప్పే మాట కాదు, తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా తెలిసేదే.

మరి ఆడవాళ్లు ఏం చేశారు

పోలీసులు లెక్క పెట్టని చోట వీళ్లు లెక్క పెట్టారు, ఒక్క మాటలో అంతే. 1992 నుంచి ప్రతి ఏడాది ఫిబ్రవరి 14న, ఊరంతా వాలెంటైన్స్ డే పూలు కొనుక్కునే రోజున, డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్‌లో ఆడవాళ్లు ఊరేగింపు తీస్తున్నారు. ఆదివాసీ పెద్దమ్మలు ముందు నడుస్తారు, డప్పులు మోగుతాయి, ఏ ఆడమనిషి ఎక్కడ చివరిసారి కనిపించిందో, ఎక్కడ శవమై దొరికిందో ఆ చోట ఆగుతారు, ధూపం వేసి ఒక గులాబీ పెడతారు. హత్యకి గురైందని తెలిస్తే ఎర్ర గులాబీ, ఇంకా మిస్సింగ్ అయితే పసుపు గులాబీ. పేర్లు పైకి చదువుతారు. పోలీసులు సీరియల్ కిల్లర్ లేడంటున్న రోజుల్లోనే ఈ పేర్ల జాబితా ఏటేటా పొడుగవుతూ వచ్చింది, ఎవరైనా వినాలనుకుంటే వినిపించేంత గట్టిగానే చదివారు.

ఇంకోవైపు కుటుంబాలు. 1998 ఏప్రిల్‌లో మాయమైన సారా డివ్రీస్ కోసం ఆమె అక్క మ్యాగీ డివ్రీస్, ఒక స్నేహితుడు కలిసి గోడల మీద పోస్టర్లు అంటించారు, విలేకర్ల వెంట పడ్డారు, మిగతా కుటుంబాలతో కలిసి పోలీసు బోర్డు మీద ఒత్తిడి తెచ్చారు. వాళ్లు అడిగిన వాటిలో ముఖ్యమైనది రివార్డ్. అదే ఊళ్లో డబ్బున్న పేటల్లో ఇళ్ల గ్యారేజీల దగ్గర దోపిడీలు జరిగితే 1,00,000 డాలర్ల రివార్డ్ ప్రకటించారు, మరి ఇంతమంది మనుషులు పోతే ఎందుకు ప్రకటించరు అని అడిగారు. ప్రజల డబ్బుతో సెక్స్ వర్కర్ల ఆచూకీ తీసే సర్వీస్ నడపలేం అన్న ధోరణిలో అప్పటి మేయర్ మాట్లాడాడు. ఆ మాట పేపర్లలో వచ్చాక గొడవ పెరిగింది, చివరికి 1999లో 31 మంది ఫోటోలతో అదే 1,00,000 డాలర్ల రివార్డ్ పోస్టర్ బయటికొచ్చింది. గ్యారేజీ పోలిక అంత సూటిగా తగిలింది కాబట్టే అది వచ్చింది.

ఆ పోస్టర్ వల్ల హంతకుడు దొరకలేదు, అది ఒప్పుకోవాలి. దాని వల్ల జరిగింది వేరే. విడివిడిగా ఉన్న ఫైళ్లు ఒకే కాగితం మీద 31 ముఖాలయ్యాయి, చూసిన ఎవరికైనా ఇది ఒక్కడి పని అయ్యుంటుందా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. 2001 నాటికి రెండు పోలీసు వ్యవస్థలు కలిసి జాయింట్ టీమ్ పెట్టక తప్పలేదు.

పిక్టన్ దొరికిన తీరు మాత్రం ఇంకోలా ఉంది. 2002 ఫిబ్రవరి 5న లైసెన్స్ లేని తుపాకుల కోసం వారెంట్ తీసుకుని కొత్తగా చేరిన ఒక ఆర్‌సీఎంపీ కానిస్టేబుల్ టీమ్‌తో ఫామ్‌లోకి వెళ్తే, మాయమైన ఒక మహిళ పేరున్న ఆస్తమా ఇన్‌హేలర్ కనిపించింది. అక్కడ్నుంచి దాదాపు రెండేళ్లు ఆ నేలని తవ్వి, జల్లెడ పట్టి, 33 మంది ఆడవాళ్ల అవశేషాలో డీఎన్ఏనో గుర్తించారు. 49 మందిని చంపానని పిక్టన్ జైలు గదిలో ఖైదీ వేషంలో ఉన్న పోలీసుతో అన్నాడు.

26 నుంచి 6కి ఎలా వచ్చింది

పాఠకుల్ని అన్నిటికన్నా ఎక్కువ గందరగోళపెట్టేది ఇదే. 26 హత్యల కేసుని ఒకేసారి నడిపితే జ్యూరీ సభ్యుల మీద మోయలేని బరువు పడుతుంది, ఏళ్లకేళ్లు సాగి మధ్యలో ట్రయల్ రద్దయ్యే ప్రమాదం ఉంది అని జడ్జి 2006లో 6 కేసుల్ని వేరు చేశారు, మిగతా 20 తర్వాత చూద్దామన్నారు. 2007 జనవరిలో న్యూ వెస్ట్‌మినిస్టర్ కోర్టులో ట్రయల్ మొదలై డిసెంబర్ 9న తీర్పు వచ్చింది, ఫస్ట్ డిగ్రీ హత్య కాదు, ఆరింటిలోనూ సెకండ్ డిగ్రీ హత్య.

ఫస్ట్ డిగ్రీ అంటే కెనడా చట్టంలో ముందే పథకం వేసి చంపడం, సెకండ్ డిగ్రీ అంటే చంపాలని చంపాడు గానీ పథకం రుజువు కాలేదని. ఆరుగురిని చంపినవాడికి పథకం లేకపోవడం ఏంటని కుటుంబాలు అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ సరైన జవాబు లేదు, జ్యూరీ తన కారణాలు చెప్పదు, కెనడాలో జ్యూరీ గదిలో జరిగింది బయటపెట్టడం నేరం కూడా. ఒక్క క్లూ ఉంది. చర్చల మధ్యలో జ్యూరీ ఒక చీటీ పంపింది, ఇతను స్వయంగా కాకుండా వేరేవాళ్ల ద్వారా చేసి ఉంటే కూడా దోషి అనొచ్చా అన్న అర్థంలో. అంటే ఇంకెవరిదైనా చెయ్యి ఉందేమో అన్న అనుమానం వాళ్లకీ వచ్చిందన్నమాట. ఆ చీటీకి జడ్జి ఇచ్చిన సమాధానమే అప్పీలుకి ఆధారమైంది, 2010 జులైలో సుప్రీం కోర్టు ఆ అప్పీలు కొట్టేసి శిక్ష ఖాయం చేసింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే మిగతా 20 కేసులు ఆపేశారు. ఇప్పటికే జీవితఖైదు, 25 ఏళ్లు పెరోల్ లేదు, ఇంకో 20 కేసుల్లో దోషి అని తేలినా అదనంగా ఒక్క రోజు కూడా పెరగదు కాబట్టి ట్రయల్ అనవసరం అన్నారు. శిక్ష లెక్కలో చూస్తే అది నిజమే. కానీ 20 కుటుంబాలకి తీర్పు లేదు, మా అక్కని ఫలానావాడు చంపాడు అని కోర్టు కాగితం మీద ఒక్క వాక్యం లేదు. ఆరు కుటుంబాలు కోర్టులో కూర్చుని పేరు పిలవగా విన్నారు, ఇరవై కుటుంబాల వంతు రాలేదు.

మన దేశంలో నోయిడా దగ్గర పిల్లలు మాయమై హత్యకి గురైన నిఠారీ కేసు దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. అక్కడ ఒక్కో బాధితురాలికి, ఒక్కో పిల్లాడికి ఒక్కో కేసు, వరసగా మరణశిక్షలు పడ్డాయి. కానీ సాక్ష్యం సేకరించడంలో, ఒప్పుకోలు రాసుకోవడంలో ఉన్న లోపాల వల్ల 2023లో అలహాబాద్ హైకోర్టు, 2025 నవంబర్‌లో సుప్రీం కోర్టు ముద్దాయి సురీందర్ కోలీని వదిలేయడంతో అన్ని కేసులూ వీగిపోయాయి, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు మళ్లీ మొదటికొచ్చారు. అంటే విడివిడిగా నడిపితే న్యాయం, కలిపి నడిపితే అన్యాయం అని తేల్చడానికి లేదు. రెండు చోట్లా కేసు పాడైంది కోర్టుకి రాకముందే, తప్పిపోయారని పేదవాళ్లు చెప్పినప్పుడు వినకపోవడంతో.

ఎంక్వైరీలో లాయర్ల లెక్క

2010లో రాష్ట్ర ప్రభుత్వం వాలీ ఒప్పల్ అనే మాజీ జడ్జితో ఎంక్వైరీ వేసింది, పోలీసులు ఎందుకు విఫలమయ్యారో తేల్చమంది. అక్కడా ఆడవాళ్ల సంఘాలకి ఎదురుదెబ్బే. పోలీసులకీ ప్రభుత్వానికీ ప్రజల ఖర్చుతో వరసగా లాయర్లు కూర్చున్నారు, ఆ పేటలో పనిచేసే మహిళా సంఘాలకీ ఆదివాసీ సంఘాలకీ లాయర్ల ఫీజు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాంతో ఊరేగింపు నడిపే కమిటీతో సహా చాలా సంఘాలు బయటికొచ్చేశాయి. క్రాస్ ఎగ్జామిన్ చేసే లాయర్ లేకుండా లోపలికి వెళ్తే సాక్షి సంతకం పెట్టి రావడమే అవుతుంది అన్నది వాళ్ల అభ్యంతరం, అది సబబే.

2012 డిసెంబర్‌లో వచ్చిన రిపోర్ట్ పోలీసుల వైఫల్యాన్ని గట్టిగానే చెప్పింది, వ్యవస్థలో పాతుకుపోయిన వివక్ష ఉందని రాసింది, 63 సిఫార్సులు చేసింది. 2014లో చనిపోయిన ఆడవాళ్ల పిల్లలకి తలా 50,000 డాలర్ల పరిహారం ఒప్పందం కుదిరింది. ఆదివాసీ ఆడవాళ్ల మీద దేశవ్యాప్త ఎంక్వైరీ కావాలన్న డిమాండ్ మాత్రం ఆగలేదు, అది 2016లో మొదలై 2019 జూన్‌లో రిపోర్ట్ ఇచ్చింది.

బస్సు లేని రోడ్డు

ఒప్పల్ వెంటనే చెయ్యమన్న పనుల్లో ఒకటి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది, బస్సు వెయ్యమన్నాడు. అదే రాష్ట్రం ఉత్తరాన 16వ నంబర్ హైవే ఉంది, 700 కిలోమీటర్లకి పైగా, దాన్ని కన్నీళ్ల హైవే అంటారు, బస్సులు లేక లిఫ్ట్ అడిగి వెళ్లిన ఆదివాసీ అమ్మాయిలు ఎంతోమంది ఆ రోడ్డు మీద మాయమయ్యారు. బస్సు కావాలని వాళ్ల కుటుంబాలు 2006 నుంచే అడుగుతుంటే 2017లో గానీ తిరగడం మొదలవ్వలేదు.

తెలంగాణలో హాజీపూర్ గుర్తున్నవాళ్లకి ఈ బస్సు సంగతి చప్పున అర్థమవుతుంది. 2019 ఏప్రిల్‌లో బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో స్కూల్ పిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది, ఆ తర్వాత అంతకుముందు మాయమైన మరో ఇద్దరు అమ్మాయిల అవశేషాలు కూడా బావుల్లోంచే బయటపడ్డాయి, అందులో ఒక పాప 2015 నుంచి కనిపించట్లేదు. సరైన బస్సు లేక నడిచొచ్చే ఆడపిల్లలకి బైక్ మీద లిఫ్ట్ ఇస్తానని నమ్మించిన మర్రి శ్రీనివాస్ రెడ్డికి 2020 ఫిబ్రవరిలో నల్గొండ పోక్సో కోర్టు మరణశిక్ష వేసింది. ట్రయల్ కొద్ది నెలల్లో అయిపోయింది, ఆ విషయంలో వాంకూవర్ కంటే ఎంతో మెరుగు. కానీ 2015కి, 2019కి మధ్య నాలుగేళ్లు ఒక పిల్ల ఏమైందో తెలియని ఊరు అది. పిల్లలు తప్పిపోతే కిడ్నాప్‌గానో ట్రాఫికింగ్‌గానో అనుకుని ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీం కోర్టు 2013లోనే చెప్పింది. 18 దాటిన అమ్మాయి విషయంలో మాత్రం స్టేషన్లో ఇప్పటికీ ముందు వచ్చే ప్రశ్న, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో చూసుకున్నారా అనే.

ఇంకా తేలనిది

2024 మే 19న క్యూబెక్‌లోని జైల్లో సాటి ఖైదీ దాడి చేస్తే పిక్టన్ మే 31న చనిపోయాడు. కొన్ని కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి, కొన్ని ఇంకా కుంగిపోయాయి, ఎందుకంటే వేరే ఎవరైనా చెయ్యి కలిపారా అన్న ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషి పోయాడు.

ఇప్పుడు నడుస్తున్న గొడవ వస్తువుల గురించి. ఫామ్ నుంచి స్వాధీనం చేసుకున్న వేల వస్తువుల్ని, సుమారు 14,000 అని లెక్క, ఇక నిల్వ ఉంచలేమని, తీసేయడానికి అనుమతివ్వమని ఆర్‌సీఎంపీ 2020 నుంచి కోర్టుని అడుగుతోంది. వాటి మీదున్న సాక్ష్యం అంతా నమోదు చేసి పెట్టామన్నది పోలీసుల మాట. డీఎన్ఏ టెస్టులు ఏటేటా మెరుగవుతున్నాయి, ఇవాళ చెప్పలేని వస్తువు రేపు చెప్పొచ్చు, ఉంచండి అన్నది కుటుంబాల మాట. బూట్లు ఏడేళ్లు స్టోర్‌లో పడి ఉండి చివరికి రెండు పేర్లు చెప్పిన కేసు ఇది, ఆ కుటుంబాలు అంత గట్టిగా పట్టుబట్టడానికి కారణం వేరే వెతకక్కర్లేదు.

చంటిబిడ్డని వదిలి వెళ్లే పిల్ల కాదని ఆ తల్లి మొత్తుకున్న కూతురు టాన్యా హోలిక్. ఆమె డీఎన్ఏ ఆ ఫామ్‌లోనే దొరికింది, కేసు మాత్రం ఆపేసిన ఇరవైలో ఉండిపోయింది. ఆమె కజిన్ లోరెలై విలియమ్స్ 2012లో బటర్‌ఫ్లైస్ ఇన్ స్పిరిట్ అని ఒక డాన్స్ గ్రూప్ పెట్టింది. పోయిన తమవాళ్ల ఫోటోలు ముద్రించిన టీషర్టులు వేసుకుని రోడ్ల మీద, సభల్లో నాట్యం చేస్తారు, ఆ వస్తువులు పారేయొద్దని అడుగుతున్నవాళ్లలో ఆవిడ కూడా ఉంది. ఫిబ్రవరి 14 ఊరేగింపు ఆగలేదు. ఆడవాళ్లు ఇప్పటికీ రెండు రంగుల గులాబీలు పట్టుకునే నడుస్తున్నారు.